ఒళ్ళు చూసుకునే ఓపిక



మా చిత్తూరు వైపు పెళ్ళి సంబంధాలు మాట్లాడేటప్పుడు ఒక మాట తప్పకుండా వస్తుంది. చదువు, జాతకం, పెట్టుపోతలు అన్నీ అయ్యాక పిల్ల తరపు పెద్దావిడ ఒకరు గొంతు పెంచి చెబుతుంది, "మా పిల్ల ఒళ్ళు దాచుకోదు" అని. ఆ మాటతో అవతలివాళ్ళ ముఖాలు విప్పారుతాయి. పల్లెలో ఆడపిల్లకు అంతకు మించిన యోగ్యతాపత్రం లేదు.

మా పెద్దమ్మకు ఆ పేరు ఉండేది. పాకాల దగ్గర పల్లె ఆమెది. కోడి కూయకముందే లేచి, పేడ ఎత్తి, పాలు పిండి, పాలకేంద్రంలో పోసి వచ్చి, సంగటి కెలికి, సద్ది కట్టుకుని చెనక్కాయ చేన్లోకి పోయేది. ఊరంతా మెచ్చుకునేది. 47వ ఏట ఒకనాడు తెల్లవారుజామున పాలచెంబుతో సహా కొట్టం గడపలో కూలబడింది. తిరుపతికి తెచ్చినాము. రక్తపరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ 6. ఆడవాళ్ళకు అది 12కు తగ్గకూడదు. పదేళ్ళుగా నెలనెలా రక్తం ఎక్కువగా పోతోందని ఆమె ఎవరికీ చెప్పలేదు. "ఆయాసం ఎన్నాళ్ళ నుంచి ఉంది?" అని డాక్టరమ్మ అడిగింది. పెద్దమ్మ కాసేపు ఆలోచించి, "అది అందరికీ ఉండేదే గదమ్మా" అనింది.

ఆ జవాబు నన్ను ఇప్పటికీ వదల్లేదు. ఈ రోజు నేను మాట్లాడాలనుకున్నది దాన్ని గురించే.

సెల్ఫ్ కేర్ అనే మాట ఇప్పుడు మన పిల్లల నోట బాగా వినిపిస్తోంది. వినగానే ఇంట్లో పెద్దవాళ్ళు ముఖం చిట్లిస్తారు. పని తప్పించుకోవడానికి కొత్తగా నేర్చిన పేరు అనుకుంటారు. నిజానికి మన భాషలో దానికి సాటి మాట ఎప్పటినుంచో ఉంది. ఒళ్ళు చూసుకోవడం. చదువుకో, ఉద్యోగానికో పోయే బిడ్డను బస్సెక్కిస్తూ "ఒళ్ళు చూసుకో నాయనా" అంటాము. ఇంట్లోనే ఉండి అందరికీ చాకిరీ చేసే మనిషితో మాత్రం ఆ మాట అనము. ఆమె తనంతట తాను కాసేపు నడుం వాలిస్తే, దాన్ని ఒళ్ళు దాచుకోవడం కింద కడతాము. చూసుకోవడాన్నీ దాచుకోవడాన్నీ ఒకటి చేసేశాము. ఈ విషయంలో మనకున్న అపోహలు చాలా వరకు అక్కడినుంచే మొలిచాయని నా నమ్మకం.

ఓపిక అనే మాట చూడండి. దానికి రెండు అర్థాలు. "ఆమెకు ఎంత ఓపికో!" అన్నప్పుడు సహనం. "లేచేదానికి ఓపిక లేదు" అన్నప్పుడు సత్తువ. ఆడమనిషిని పొగిడేటప్పుడు మొదటి అర్థంలో వాడతాము. రెండో అర్థంలో ఆమెను అడిగేవాళ్ళు తక్కువ. మా పెద్దమ్మకు మొదటి ఓపిక కొండంత ఉండింది. రెండోది ఎప్పుడో అయిపోయింది. ఆ సంగతి ఆమెకే తెలియలేదు, మాకేం తెలుస్తుంది?

ఇది మా ఒక్క ఇంటి కథ అయితే ఇంతమంది ముందు చెప్పేదాన్ని కాదు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి దాదాపు 59 మందికి రక్తహీనత ఉంది. నలుగురు ఆడవాళ్ళు ఒకచోట కూర్చుంటే వాళ్ళలో ఇద్దరికి పైగా. ఇంతమందికి ఉన్నది కనకనే "అందరికీ ఉండేదే" అనిపిస్తుంది. అందరికీ ఉన్నంత మాత్రాన అది మామూలు అయిపోదు.

అందరూ తిన్నాక తినడం ప్రేమకు గుర్తని మనం నేర్చుకున్నాము. ఆ ప్రేమను నేను తక్కువ చేయను. అది తిని పెరిగినదాన్నే. అయితే చివర తినేవాళ్ళ కంచంలోకి ఏం వస్తుందో ఒకసారి చూడండి. పప్పులో పైతేట, కూరలో అడుగంటిన మసాలా, నిన్నటి సంగటి. గుడ్డు పిల్లలకు, కోడికూర మగవాళ్ళకు. పితికిపప్పు కాలంలో ఇంటిల్లిపాదికీ అనపగింజలు పితికి పితికి వేళ్ళు నానిపోయిన మనిషికి చివరకు మిగిలేది పులుసే. తిన్న వెంటనే ఒక లోటా టీ. ఆ టీ ఏం చేస్తుందంటే, ఆకుకూరల్లో, పప్పుల్లో ఉన్న ఇనుమును ఒంటికి సరిగా పట్టనివ్వదు. ఒక గంటో, రెండు గంటలో ఆగి తాగాలి. అన్నంలోకి ఒక నిమ్మబద్ద పిండుకున్నా, ఉసిరికాయ పచ్చడి కలుపుకున్నా ఇనుము బాగా పడుతుంది. దీనికి ఖర్చేమీ లేదు. తన కంచం గురించి ఆలోచించడం తప్పు కాదని ఆమెకు అనిపించాలి, అంతే. అదే అన్నిటికంటే కష్టం.

మన పెద్దవాళ్ళకు ఒళ్ళు చూసుకోవడం తెలియదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. బాలింతకు పథ్యం పెట్టారు. కాన్పుకు పుట్టింటికి తెచ్చి నెలల తరబడి ఉంచుకున్నారు. పండగకు నలుగు పెట్టి తలంటి పోశారు. ఎంత శ్రద్ధ ఉంది అందులో! కానీ ఒకటి గమనించండి. ఆ సుఖమంతా ఆమె కూతురుగా ఉన్న ఇంట్లో. కోడలుగా, తల్లిగా, అత్తగా బతికే ముప్పై నలభై ఏళ్ళలో ఆమెకు పథ్యం పెట్టే చెయ్యి లేదు. అమ్మ పోయిందంటే ఆడవాళ్ళు అంతగా ఏడ్చేది ఊరికే కాదు. "తిన్యావా మే?" అని అడిగే ఒక్క మనిషి పోయింది.

ఒళ్ళు చూసుకోవడాన్ని ఒళ్ళు దాచుకోవడం అనుకునే అపోహకు సరిగ్గా ఎదురుగా ఇంకో అపోహ నిలబడి ఉంది. అది టీవీలో, సెల్‌ఫోన్‌లో కనిపిస్తుంది. ముఖానికి పూసుకునే క్రీము, మసాజు ప్యాకేజీ, కొండల్లో రిసార్టు, వెయ్యి రూపాయల సువాసన నూనె. సెల్ఫ్ కేర్ అంటే ఇదేనని చూపిస్తారు. బ్యూటీ పార్లర్‌కు పోవడం తప్పని నేను అనను. మనసుకు హాయిగా ఉంటే పోవాలి. నా బాధ వేరే. కొనుక్కుంటేనే దొరికేదని చెబితే, కొనలేనివాళ్ళు అది మనది కాదని తప్పుకుంటారు. అలిపిరి దగ్గర పూలు కట్టి అమ్మే ఆమె, మదనపల్లె మార్కెట్‌లో టమోటాలు ఏరే ఆమె, శ్రీసిటీ ఫ్యాక్టరీలో నైట్ షిఫ్ట్ చేసి పొద్దున్నే బస్సులో నిద్రపోయే అమ్మాయి. ఒళ్ళు చూసుకోవలసిన అవసరం అందరికంటే వాళ్ళకే ఎక్కువ.

తిరుపతిలో మనకు ఆయుర్వేద కళాశాల ఉంది. అక్కడి విద్యార్థులు చదివే గ్రంథాల్లో వాగ్భటుడి అష్టాంగహృదయం ఒకటి. సూత్రస్థానంలో రెండో అధ్యాయం దినచర్య, మూడోది ఋతుచర్య. నాలుగో అధ్యాయం రోగాలు పుట్టకుండా చూసుకోవడం గురించి. అది దేనితో మొదలవుతుందో తెలుసా? ఏ నూనెతోనో, ఏ లేహ్యంతోనో కాదు. ఒంటికి సహజంగా వచ్చే వేగాలను ఆపుకోవద్దు అనే మాటతో. అలాంటివి 13 చెప్పాడు. మూత్రం, దాహం, ఆకలి, నిద్ర, ఆవలింత అన్నీ ఆ వరసలో ఉన్నాయి. కన్నీళ్ళు కూడా ఉన్నాయి. ఏడుపు వస్తే బిగబట్టుకోవద్దని వెయ్యేళ్ళకు పైబడిన వైద్యగ్రంథం చెబుతోంది. ఇంతకంటే చవకైన సెల్ఫ్ కేర్ ఎక్కడ దొరుకుతుంది?

చవకే, కానీ సులభం కాదు. మా వీధిలో ఒక అమ్మాయి బట్టల అంగడిలో పని చేస్తుంది. పొద్దున తొమ్మిదిన్నర నుంచి రాత్రి తొమ్మిది దాకా నిలబడే ఉండాలి. నీళ్ళు తాగదు. ఎందుకు తాగవని అడిగితే, "తాగితే బాత్రూమ్‌కు పోవల్ల గదక్కా, మాటిమాటికీ అడిగితే కోప్పడతారు" అనింది. తిరుపతి ఎండల్లో, నలభై డిగ్రీల వేడిలో, రోజంతా దాహాన్ని చంపుకునే పిల్లకు మూత్రంలో మంట రావడంలో వింత ఏముంది? ఆ పిల్లకు "ఒళ్ళు చూసుకో" అని చెప్పి నేను ఊరుకుంటే ఏం లాభం? కేరళలో 2018లో, మన పక్కనే తమిళనాడులో 2021లో, అంగళ్ళలో పనిచేసేవాళ్ళకు కూర్చునే వసతి ఉండాలని చట్టాలు చేశారు. కూర్చోవడానికి ఒక చట్టం కావలసి వచ్చిందంటే, ఒళ్ళు చూసుకోవడం ఎవరికి వాళ్ళు చేసుకునే పని మాత్రమే కాదని తెలుస్తోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా స్వీయ సంరక్షణను నిర్వచించేటప్పుడు వ్యక్తితో ఆగలేదు. వ్యక్తులు, కుటుంబాలు, సమాజాలు అని మూడింటినీ కలిపి చెప్పింది. జూలై 24ను స్వీయ సంరక్షణ దినంగా పాటిస్తున్నారు. వారానికి 7 రోజులు, రోజుకు 24 గంటలు అనే లెక్కతో ఆ తేదీని ఎంచుకున్నారు.

రోజుకు 24 గంటలూ ఒళ్ళు చూసుకోవడమే పనిగా ఉన్న చోటు అంటే నాకు మన ఆరోగ్యవరం గుర్తుకొస్తుంది. దాని గురించి కొంచెం వివరంగా చెప్పాలి.

మదనపల్లె పక్కన ఆరోగ్యవరం ఉంది. దక్షిణ భారతంలోని క్రైస్తవ మిషన్లు కొన్ని కలిసి 1915లో అక్కడ క్షయరోగుల శానటోరియం తెరిచాయి. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ ఫ్రిమాట్ మోలర్ దాన్ని నడిపించారు. ఆ రోజుల్లో క్షయకు మందు లేదు. స్ట్రెప్టోమైసిన్ కనుక్కున్నది 1943లో. మరి వైద్యం ఏమిటి? మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి. మదనపల్లె ఎత్తైన ప్రదేశం, పొడి గాలి. రోగులు నెలల తరబడి అక్కడే ఉండేవాళ్ళు. పడుకోవడమే వైద్యం. ఒళ్ళు దాచుకోవడం పాపమనుకునే మన సీమలో, విశ్రాంతిని మందుగా రాసిచ్చిన ఊరు ఒకటి ఉండిందన్న మాట. దూరదూరాల నుంచి జనం వచ్చారు. ఆ పేరు మీద మన ప్రాంతానికి ఎంతో గౌరవం దక్కింది.

తర్వాత మందులు వచ్చాయి. రోగులు లక్షల్లో ఉన్నారు, శానటోరియం పడకలు చాలవు. 1956లో మద్రాసులో ఒక పరిశోధనా కేంద్రం పెట్టి, క్షయరోగులను రెండు గుంపులు చేశారు. ఒక గుంపును శానటోరియంలో ఉంచారు. మంచి తిండి, పడక, నర్సుల సేవ. రెండో గుంపును వాళ్ళ ఇళ్ళలోనే ఉంచి అవే మందులు ఇచ్చారు. ఆ ఇళ్ళు మద్రాసు పేదల ఇళ్ళు. ఇరుకు గదులు, చాలీచాలని తిండి. ఇంటి దగ్గరి వాళ్ళు ఎక్కడ వెనకబడతారోనని అందరూ భయపడ్డారు. 1959లో ఫలితాలు వచ్చాయి. రెండు గుంపులూ దాదాపు ఒకే రీతిగా కోలుకున్నాయి. ఇంట్లో ఉన్నవాళ్ళ వల్ల కుటుంబంలో మిగతావాళ్ళకు రోగం ఎక్కువగా అంటుకోనూ లేదు. క్షయ వైద్యాన్ని ప్రపంచమంతటా మార్చివేసిన ఫలితం అది.

విశ్రాంతి వృథా అని దీని అర్థం కాదు. క్షయ విషయంలో స్థలం కంటే, భోగం కంటే, క్రమం తప్పకుండా రోజూ మింగిన మందు పని చేసింది. ఆ మందు తీసుకోవడానికి రోగి ఆసుపత్రికి రావాలి, వేసుకున్నాడో లేదో చూసే మనిషి ఒకరు ఉండాలి. నేను ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, ఒళ్ళు చూసుకోవడానికి ఒక ప్రత్యేకమైన చోటు, ఒక ప్రత్యేకమైన కాలం కావాలని మనం అనుకుంటూ ఉంటాము. "పిల్ల పెళ్ళి కానీ, అప్పుడు చూపించుకుంటా." "వాడికి ఉద్యోగం రానీ." "రిటైర్ అయినాక ఒక నెల హాయిగా ఉంటా." ఆ నెల వచ్చేసరికి మోకాళ్ళు అరిగి ఉంటాయి, షుగర్ కళ్ళ దాకా పోయి ఉంటుంది. మద్రాసు ఇరుకు గదుల్లో పేదవాళ్ళు కోలుకున్నారంటే, మన ఇళ్ళలో, మన పనుల మధ్యే, రోజూ కొంచెం కొంచెంగా ఒళ్ళు చూసుకోవడానికి వీలుందనే కదా.

ఇక్కడ ఇంకో ప్రమాదం ఉంది. తనను తాను చూసుకోవడమంటే డాక్టరు అవసరం లేదనుకోవడం. మెడికల్ షాపులో "ఒళ్ళునొప్పులకు మాత్ర ఇవ్వబ్బా" అని అడిగి, నెలల తరబడి నొప్పి మాత్రలు మింగేవాళ్ళు నాకు ఎంతోమంది తెలుసు. అవి కిడ్నీలను దెబ్బతీస్తాయి. బీపీ మాత్రలు నాలుగు రోజులు వేసుకుని, తలనొప్పి తగ్గిందని ఆపేస్తారు. బీపీకి నొప్పి ఉండదు. ఆపేసిన మాత్ర పక్షవాతంగా తిరిగి వస్తుంది. ముప్పై ఏళ్ళు దాటిన వాళ్ళకు బీపీ, షుగర్ పరీక్షలు ఊరి ఆరోగ్య కేంద్రంలోనే ఉచితంగా చేస్తారు. ఆశా కార్యకర్త తలుపు కొడితే "మాకేం రోగం, రాయి మాదిరి ఉండాము" అని పంపించేయకండి.

భక్తి గురించి కూడా ఒక మాట చెప్పాలి. తిరుపతిలో కూర్చుని చెప్పకపోతే తప్పవుతుంది. అలిపిరి నుంచి కొండకు 3550 మెట్లు. ఆ మెట్లకు పసుపు, కుంకుమ పెడుతూ ఎక్కే తల్లులను చూస్తే నా కళ్ళు చెమరుస్తాయి. కానీ గుండెజబ్బు ఉండి, ఆయాసం ఉండి, "స్వామి చూసుకుంటాడులే" అని ఎక్కడం వేరు. అరవై దాటినవాళ్ళు, షుగర్, బీపీ, ఉబ్బసం, కీళ్ళ జబ్బులు ఉన్నవాళ్ళు నడిచి రావద్దని తిరుమల తిరుపతి దేవస్థానమే 2024లో భక్తులను కోరింది. మొక్కు పెద్దదే. అయితే బస్సెక్కి పోయినా స్వామి స్వామే. శనివారం ఒక్కపొద్దు ఉండేవాళ్ళకూ ఇదే చెబుతాను. షుగర్ మాత్ర వేసుకుని తిండి మానేస్తే రక్తంలో చక్కెర ఉన్నట్టుండి పడిపోవచ్చు. డాక్టరుతో ముందుగా మాట్లాడుకుని ఉపవాసం ఉండండి.

ఇంకొకరి ఒళ్ళు చూసుకుంటూ తమ ఒళ్ళు మరిచేవాళ్ళూ ఉన్నారు. రుయా ఆసుపత్రి దగ్గరో, స్విమ్స్ ఆసుపత్రి దగ్గరో రాత్రి పూట ఎప్పుడైనా ఉన్నారా? వరండాలో చాప మీద, మెట్ల కింద, చెట్ల కింద మనుషులు పడుకుని ఉంటారు. వాళ్ళు రోగులు కారు. రోగులకు తోడు వచ్చినవాళ్ళు. మదనపల్లె, పీలేరు, పలమనేరు, కడప దాకా ఎక్కడెక్కడినుంచో వచ్చి ఉంటారు. మా మామగారిని ఆసుపత్రిలో ఉంచినప్పుడు మా అత్తగారు పదకొండు రోజులు ఆయన మంచం పక్కనే ఉండింది. ఆయనకు వేళకు అన్నీ పెట్టింది. తన బీపీ మాత్రలు మాత్రం ఇంట్లో మరిచిపోయి వచ్చింది. మేము ఎవ్వరమూ అడగలేదు. నేనూ అడగలేదు. ఆయన డిశ్చార్జి అయ్యే రోజు ఆమెను చేర్చుకోవలసి వచ్చింది. రోగి మంచం మీద ఉన్నప్పుడు పక్కనున్న మనిషి గురించి అడగడం అపచారమేమో అన్నట్టు ఉంటాము. తోడు మనిషిని రెండు రోజులకు ఒకసారైనా మార్చండి. మారేవాళ్ళు లేకపోతే, ఒక పూట కూర్చుని ఆమెను ఇంటికి పంపి స్నానం చేసి, నిద్రపోయి రమ్మనండి.

మగవాళ్ళకు ఇది వర్తించదని నేను అనుకోవడం లేదు. ఘాట్‌రోడ్డు మీద రోజుకు ఎన్నిసార్లో తిరిగే డ్రైవరు, అప్పులు మనసులో మోస్తున్న మామిడి రైతు, వాళ్ళకూ ఒళ్ళుంది. "అలుపు తీరేదానికి" సాయంత్రం మందు తాగడాన్ని వాళ్ళు ఒళ్ళు చూసుకోవడం అనుకుంటారు. తాగితే నిద్ర పట్టినట్టు ఉంటుంది కానీ, నడిరాత్రి తెగిపోతుంది. పొద్దున లేచేసరికి అలుపు అట్లే ఉంటుంది. గుండెలో బరువు ఉంటే దాన్ని మాటలతో దించుకోవాలి. ఇంట్లో చెప్పుకోలేకపోతే 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబరు 10 నుంచి నడుస్తున్న టెలీ మానస్ సేవ అది. పగలూ రాత్రీ ఉంటుంది, డబ్బు కట్టనక్కరలేదు, తెలుగులో మాట్లాడతారు. ఆ నంబరు మళ్ళీ చెబుతున్నాను, రాసుకోండి: 14416.

పెద్దమ్మ సంగతి చెప్పి ముగిస్తాను. రక్తం ఎక్కించారు, లోపలి జబ్బుకు వైద్యం చేశారు, ఇనుప మాత్రలు ఇచ్చారు. ఇంటికి పోయిన మొదటి రాత్రి మా అన్న, అంటే ఆమె కొడుకు, అందరికీ వేసినట్టే ఆమెకూ పీట వేసి, కంచం పెట్టి, తన చేతుల్తో వడ్డించినాడు. ఆమె సిగ్గుపడింది. "నేను తర్వాత తింటాలేరా" అనింది. వాడు ఒప్పుకోలేదు. వారం రోజులు పట్టింది ఆమె అట్లా కూర్చోవడానికి. ఆ తర్వాత పందొమ్మిదేళ్ళు బతికింది. ఆ పందొమ్మిదేళ్ళూ అందరితో పాటే కూర్చుని తినింది.

ఈ రాత్రి మీ ఇంట్లో వడ్డించే మనిషికి కూడా ఒక కంచం పెట్టండి. "ఓపిక ఉందా?" అని అడగండి. "నాకేం, బాగుండాను" అంటే అక్కడితో వదిలేయకండి. ఇంకొకసారి అడగండి.